నాలుగో పాటలో కరెంటు పోతుంది

డిస్కు మొదలవగానే వినిపించే గరగర
వాన కాదు.
జనం కుర్చీలు లాక్కుంటున్నారు.
ఆ కుర్చీలూ మావే, మైకు సెట్టుతో పాటు అద్దెకిచ్చినవి.
మూడొందల యాభై వెళ్తే
మూడొందల నలభై ఆరు తిరిగొచ్చాయి.

బ్యాండు పేరు మూడో షిఫ్టు.
నెల్లిమర్ల కుర్రాళ్ళు ముగ్గురు, పాడ్డానికి హేమలత.
అందరి నాన్నలూ జూట్ మిల్లులో చేసినోళ్ళే.
డ్రమ్ముల ముందు కూర్చునే తవుడికి
తాళం ఎవరూ నేర్పలేదు.
మిల్లు గోడ అవతల ఇంట్లో
మగ్గాల దెబ్బలు లెక్కపెడుతూ నిద్రపోయేవాడట.
మిల్లు మూసేశాక నిద్ర పట్టక
వాళ్ళమ్మ అట్లపెనం మీద మొదలెట్టాడు.

ఇటు పక్క, సంగీత కళాశాల వాళ్ళు.
తొమ్మిది వయొలిన్లు, రెండు వీణలు, ఒక ఘటం,
బొబ్బిలి నుంచి బస్సులో, ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన సన్నాయి.
ముందు వరసలో సగం కళ్ళు మూసుకుని
సోమయాజులు మాస్టారు.

మొదటి రిహార్సల్లో ఎవరి శ్రుతి వాళ్ళదే.
గిటారు ఒక చోట, వయొలిన్లు ఒక చోట,
మధ్య సందులోంచి మేక దూరిపోవచ్చు.
"ఎవరు దిగాలండీ?" అన్నాడు గిటారు కుర్రాడు, చిట్టిబాబు.
"దిగడం ఏవిటి నాయనా, కలవడం" అంటూ మాస్టారు
బిరడా తిప్పారు. తనదే.
అరవై ఏళ్ళుగా ఆగిన చోట ఆగకుండా
వెంట్రుకవాసి పైకి.
మిగతా ఎనిమిది మందీ ఆయన మొహం చూసి తిప్పారు.
ఆ కిర్రు ఎక్కడా రికార్డవలేదు.
నాకు వినిపిస్తూనే ఉంటుంది.

ఆ రోజు మూడో పాట మధ్యలో
గంటస్తంభం ఎనిమిది కొట్టింది, తాళానికి అడ్డంగా.
ఆరో గంట దాకా తవుడు తిట్టుకున్నాడు,
ఏడో గంటని పట్టేశాడు,
ఎనిమిదోది వాడే కొట్టాడనుకున్నారు జనం.

తర్వాతి పాటలో, హేమలత నోట్లో మాట ఉండగానే
అంతా చీకటి.
గిటారు పోయింది, కీబోర్డు పోయింది,
నా కాలమ్ బాక్సులు రెండూ నోళ్ళు మూసుకున్నాయి.
ఓ పక్క నుంచి ఈలలు,
"ఓలమ్మా, అయిపోయిందేటే?" అని ఒక ముసల్ది
(డిస్కులో స్పష్టంగా ఉంది, తీసెయ్యమంటే తియ్యలేదు).

వయొలిన్లకి కరెంటు సంగతి తెలీదు.
అప్పటిదాకా గిటారు వెనక గోడకి సున్నంలా ఉన్నవి
గోడ పడిపోయాక అలాగే నిలబడ్డాయి.
కాగితాల మీదకి ఎవరో సెల్‌ఫోను వెలుగు పట్టారు,
ఆ పక్కన ఇంకొకరు.
తవుడు కర్రలు కింద పెట్టి అరచేతులు తీశాడు.
హేమలత మైకు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి
పెరట్లో వాళ్ళమ్మని పిలిచినట్టు పాడింది.

ఇప్పుడు చెప్పేస్తాను.
జనరేటరు వేపచెట్టు వెనకే ఉంది.
డీజిల్ ఉంది.
హ్యాండిలు నా చేతిలోనే ఉంది.
"తిప్పరా, తిప్పరా" అని కమిటీ వాళ్ళు పరిగెత్తుకొస్తే
జామ్ అయిపోయిందండీ అన్నాను.
పదకొండు నిమిషాలు.
అద్దెలో ఏడొందలు కోశారు. కోసుకోనీ.

రికార్డరు మాత్రం కారు బ్యాటరీ మీద తిరుగుతూనే ఉంది.

విశాఖ స్టూడియోలో ఆ పాట మళ్ళీ పాడించి
అతికించేద్దాం అన్నారు. గొంతు దూరంగా ఉందట.
దూరంగానే ఉంది మరి,
ఆ రాత్రి మేమందరం ముందుకి వంగి విన్నాం.

పెళ్ళికి మైకు మాట్లాడుకోడానికొచ్చిన వాళ్ళు
కొట్లో ఈ పాట విని
సెట్టు పాడైందా అంటారు.
సౌండు పూర్తిగా పెంచి, రమ్మంటాను దగ్గరికి.
మాస్టారి కమాను కింద, బాగా కింద,
చీమలు పళ్ళెం మీద నడిచినట్టు టిక్కు టిక్కుమని ఒకటుంటుంది.
చిట్టిబాబు.
ప్రాణం పోయిన గిటారుని వదలకుండా
ఆ చీకట్లో చివరిదాకా వాయించాడు.
ఎవరికీ వినపడదని వాడికి తెలుసు.

శ్రుతిలోనే ఉన్నాడు.